అల్లుడుగారి చాక్లెట్

కనకం పిన్నికి కుడి చేయీ కాలూ పడిపోయాయని బాబాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. కొండపల్లి నుంచి అంబులెన్సులో బెజవాడ తీసుకొచ్చేశారు. నేను ఆస్పత్రికి చేరేసరికి పిన్నిని స్కానింగుకి తీసుకెళ్ళారు. మా బాబాయి రామకోటేశ్వరరావు థర్మల్ స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి. వరండాలో కూర్చుని, పిన్ని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"రోజూ వాడే మందులు చూపించమంటన్నారమ్మా సింధూరీ. నాకేం దొరకట్లా, నువ్వు చూడు" అని సంచీ నాకిచ్చాడు.

అందులో కళ్ళజోడు ఉంది, రుమాలు ఉంది, మా ఆయన తయారుచేసే డార్క్ చాక్లెట్ ఉంది. సగం తిన్నాక మిగతాది బంగారు కాగితంలో మడిచి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంది. పదేళ్ళుగా వాడుతున్న బీపీ మాత్రలు మాత్రం లేవు.

"మాత్రలేవి బాబాయ్?"

"మానేసిందిగా. మీ అమ్మ మానేసి చాక్లెట్ తింటంది గదా, ఆ వీడియో చూసి ఇది కూడా మానేసింది. రెండు నెలలైంది. నేను వద్దంటే, అక్కకి తగ్గింది నాకు తగ్గదా అంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టర్ శాంభవి గారు బయటికి వచ్చి, ఆస్పత్రికి తెచ్చేసరికే పిన్నికి బీపీ రెండొందలు దాటి ఉందని చెప్పారు. మాత్ర బదులు చాక్లెట్ తిన్నదని నేను చెప్పాను.

"చాక్లెట్ తినడం తప్పేమీ కాదండీ" అన్నారు. "కోకోలో ఉండే పదార్థాల వల్ల రక్తనాళాలు కాస్త సడలుతాయి. కొంతమందిలో బీపీ రెండు మూడు పాయింట్లు తగ్గొచ్చు. అదీ అందరికీ కాదు. ఈవిడకి తగ్గాల్సింది రెండు మూడా చెప్పండి? మాత్ర మానేసి ఇది తినమని ఎవరు చెప్పారసలు?"

"మా ఆయనండీ" అన్నాను. దాచడానికేముంది.

మా ఆయన పేరు పవన్‌కుమార్. మూడేళ్ళ క్రితం వరకు గన్నవరం విమానాశ్రయం పక్కన ప్లాట్లు అమ్మించేవాడు. ఆ బేరాలు చల్లబడ్డాక ఆయన కన్ను కంకిపాడు దగ్గర మా అమ్మ కొబ్బరితోట మీద పడింది. తోటలో కొబ్బరిచెట్ల నీడన నాన్న వేయించిన కోకో మొక్కలు ఉన్నాయి. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ గింజలు ఎండబెట్టి కంపెనీ వాళ్ళకి ఇచ్చేవాడు. నాన్న పోయాక ఈయన వాటిని పులియబెట్టి, వేయించి, పటమటలో ఒక గది తీసుకుని మిషన్లు పెట్టి చాక్లెట్ చేయడం మొదలుపెట్టాడు. చాక్లెట్ బాగుంటుంది. అబద్ధం చెప్పను. చేదుగా, కమ్మగా ఉంటుంది. దాన్ని చాక్లెట్ అని అమ్ముకుని ఊరుకుంటే నేను కూడా నలుగురికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. కానీ ఊరుకుంటే ఆయన ఆయనెందుకవుతాడు? గుండెకి మంచిది, మెదడుకి మంచిది, షుగర్‌కి మంచిది, మోకాళ్ళకి కూడా మంచిదే అన్నాడు. ఎక్కడో ఎవరో చేసిన పరిశోధనలో రెండు ముక్కలు చదివి, మిగతాది తన నోటి నుంచి కలిపాడు. ప్లాట్ల పక్కనే రింగురోడ్డు వస్తుందని చెప్పిన నోరే అది.

ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. మా అమ్మ రావమ్మ కంకిపాడు ఇంటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంటుంది. ఈయన ఆమె చేతికి పట్టీ చుట్టి మిషను నొక్కుతాడు. నూట ఇరవై రెండు, ఎనభై అని కనబడుతుంది. "మా అత్తయ్యగారు పన్నెండేళ్ళ నుంచి బీపీ పేషెంటండీ. ఇవాళ మాత్ర లేదు, మందు లేదు. పొద్దున రెండు ముక్కలు, సాయంత్రం రెండు ముక్కలు. అంతే కదా అత్తయ్యగారూ?" అంటాడు. అమ్మ నవ్వి తలూపుతుంది. ఒక్క మాట మాట్లాడదు.

మాట్లాడదని నాకు ముందే తెలుసు. అల్లుడితో మా అమ్మ ఏనాడూ ఎదురుపడి మాట్లాడలేదు. ఆయన హాల్లో ఉంటే ఆవిడ వంటింటి గుమ్మం దాటదు. ఆయన ముందు కూర్చోదు. మనిషి ఎదురుగానే ఉన్నా, "అమ్మాయ్, అల్లుడుగారికి మజ్జిగ కావాలేమో కనుక్కో" అని నన్ను పిలిచి అడుగుతుంది. ఆయన కూర బాగాలేదంటే ఆ కూర మళ్ళీ మా ఇంట్లో వండరు. ఆయన ముందు అమ్మ కూర్చున్నది ఆ వీడియో కోసం ఒక్కసారే. మా వైపు దీన్ని మర్యాద అంటారు. నాకు ఆ మాట వింటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఆస్పత్రి వరండాలో నిలబడితే నాకు పిన్ని కంటే అమ్మే కళ్ళ ముందు మెదిలింది. అమ్మ కూడా మాత్రలు ఆపేసింది కదా. తోటలో ఒంటరిగా ఉంటుంది. అక్కడ పడిపోతే చూసే దిక్కు లేదు. బాబాయిని కూర్చోబెట్టి, బస్సు కోసం చూడకుండా ఆటో మాట్లాడుకుని కంకిపాడు వెళ్ళాను.

అమ్మ పెరట్లో అంట్లు తోముతోంది.

"లే. బట్టలు సర్దుకో. ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"ఎవరికేమైందే?"

"నీకవకముందే పోదామంటున్నా. మాత్రలు ఆపేసి రెండు నెలలైంది. బుర్ర ఉండే ఆపేశావా?"

అమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అదేదో మామూలు సంగతన్నట్టు అంది. "నేనెక్కడ ఆపేశానే? పొద్దున్నే వేసుకుంటన్నాగా."

లోపలికి వెళ్ళి కందిపప్పు డబ్బాలోంచి మాత్రల అట్ట తీసుకొచ్చి చూపించింది. బల్ల మీద ఉంటే అల్లుడుగారు చూస్తారేమోనని అందులో పెట్టిందట.

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. ఇంత కోపం నా జన్మలో ఎప్పుడూ రాలేదు.

"మరి ఆ వీడియో ఏంటమ్మా?"

"అల్లుడుగారు మిషను పట్టుకొని వత్తన్నానని ఫోన్ చేశారు. ఎక్కువ చూపించిందనుకో, ఆయన మొహం చిన్నబోదూ? అందుకని ఆ పూట ఇంకోటి ఎక్కువేసుకున్నా. తర్వాత కళ్ళు తిరిగినయ్యి. గోడ పట్టుకొని నిలబడ్డా. ఆయన చూళ్ళేదులే."

"మొహం చిన్నబోతే ఏమైంది? అక్కడ ఉన్నది నువ్వూ ఆయనేగా?"

"అట్టా అంటావేంటి. ఫోన్లో చూసేవాళ్ళు ఎంతమంది ఉంటారు."

"అంటే చూస్తారని నీకు తెలుసు."

అమ్మ మళ్ళీ అంట్ల దగ్గరికి నడిచింది.

"చూసినవాళ్ళలో కనకం పిన్ని కూడా ఉంది" అన్నాను. మెల్లగా చెప్పాలని నాకు తోచలేదు, తోచినా చెప్పేదాన్ని కాదు. "నిన్ను చూసి మాత్ర మానేసింది. ఇవాళ పొద్దున పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పోయింది. మాట తిరగట్లేదు."

అమ్మ తోముతున్న గిన్నెల మధ్య అలాగే కూలబడింది. కనకం పిన్ని అంటే అమ్మకి చెల్లెలే కాదు, ఒకే కంచంలో తిని పెరిగిన మనిషి. రోజూ ఫోన్లో మాట్లాడుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోదు. అమ్మ ఏడుస్తుంటే నేను ఓదార్చలేదు. పక్కన నిలబడి చూశాను.

"ఆయనతో చెప్పు" అన్నాను. "మాత్ర మానలేదని చెప్పు. ఆ వీడియో తీయించెయ్యి. ఇంకెంతమంది పడిపోవాలి?"

"నేనా? అల్లుడితోనా?" అమ్మ కళ్ళు తుడుచుకుని నా వంక చూసిన చూపు, నేనేదో బూతు మాట అన్నట్టు ఉంది. "నువ్వే చెప్పవే. నెమ్మదిగా, ఆయన బాధపడకుండా చెప్పు. కనకానికి మాత్రం ఈ సంగతి చెప్పబాకు."

చెప్పాను. ఆ సాయంత్రమే పటమట వెళ్ళి చెప్పాను. నెమ్మదిగా చెప్పలేదు. ఆయన తెల్ల టోపీ పెట్టుకుని అచ్చుల్లోంచి చాక్లెట్లు తీస్తున్నాడు. పిన్ని సంగతి విని నిజంగానే అయ్యో అన్నాడు. అమ్మ సంగతి చెప్పేసరికి మాత్రం నవ్వాడు.

"కోపంలో ఉన్నావు, ఏదో ఒకటి అంటావు. నేను నా చేత్తో చూశాను సింధూ. నూట ఇరవై రెండు."

"ఆవిడ రెండు మాత్రలు మింగి కూర్చుంది. అందుకే నూట ఇరవై రెండు."

"చాక్లెట్ తింటే పక్షవాతం వస్తుందని ఏ డాక్టరు చెప్పాడు? చెప్పమను."

"చాక్లెట్ వల్ల రాలేదు. మాత్ర మానడం వల్ల వచ్చింది. మానమని చెప్పింది నువ్వు."

"నేను ఎవరినీ మానమనలేదు. మా అత్తగారు మానేశారని చెప్పాను. కింద చిన్నక్షరాల్లో డాక్టర్ని అడగమని కూడా రాశాను."

చిన్నక్షరాలట. ఆ అక్షరాలు కళ్ళజోడు పెట్టుకున్నా పిన్నికి కనబడవు. ఫోన్ తీసి వీడియో కింద జనం రాసినవి ఆయనకి చదివి వినిపించాను. తెనాలి నుంచి ఎవరో, మా నాన్నగారు కూడా నిన్నటి నుంచి మాత్రలు ఆపేశారండీ అని రాశాడు. గుడివాడ నుంచి ఒకావిడ, షుగర్ మందు కూడా ఆపెయ్యొచ్చా అన్నయ్యా అని అడిగింది. దానికి ఈయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అవుననలేదు, కాదనలేదు. దణ్ణం పెట్టి ఊరుకున్నాడు.

"ఇది తీసేస్తావా లేదా?"

"చూడు, నువ్వు చెబితే తీసెయ్యను. నీకు ముందు నుంచీ ఈ పనంటే పడదు. ఆవిడ నా ఎదురుగా నిలబడి, నేను మాత్ర మానలేదు అంటే, ఆ నిమిషమే తీసేస్తాను. నా మాట మీద నేను ఉంటాను."

ఎంత తెలివి. ఆవిడ ఆ మాట అనదని ఆయనకి తెలుసు. మా పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆయన ఎదురుగా నిలబడి మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. ఆ మర్యాద వెనకాల దాక్కుని నాతో పందెం వేస్తున్నాడు.

ఇంటికొచ్చి వీడియో కింద ఉన్న సంగతి ఉన్నట్టు రాశాను. ఆవిడ మా అమ్మ, మాత్రలు వేసుకుంటూనే ఉంది, ఎవరూ మానొద్దు అని. కాసేపటికి చూస్తే నేను రాసింది లేదు. మళ్ళీ రాద్దామంటే రాయనివ్వలేదు. పక్క గదిలో పడుకుని నా మొగుడు నన్ను బ్లాక్ చేశాడు. మర్నాడు నేను ఆయనకి కాఫీ ఇవ్వలేదు. ఆయనే పెట్టుకుని, నాక్కూడా ఒక గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. దాన్ని సింకులో పోశాను.

అమ్మకి ఫోన్ మీద ఫోన్ చేశాను. "ఒక్క మాటేనమ్మా. ఒక్కసారి చెప్పు చాలు" అని బతిమాలాను, తిట్టాను. ఫోన్లో చెప్పినా సరే, నేను ఆయన పక్కనే ఉంటానన్నాను. "నా వల్ల కాదే. అల్లుణ్ణి అబద్ధాలకోరుని చేసి ఆ ఇంట్లో నువ్వెట్టా కాపురం చేస్తావు?" అంది. నా కాపురం సంగతి నేను చూసుకుంటానంటే ఫోన్ పెట్టేసింది. ఈలోపు ఆ వీడియో చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. మాత్రల అట్టలు పక్కన పడేసేవాళ్ళు పడేస్తూనే ఉన్నారు.

పిన్నిని ఐసీయూ నుంచి గదికి మార్చాక అమ్మ వచ్చింది. పిన్ని మూతి ఎడమపక్కకి లాగేసి ఉంది. మాట వస్తోంది కానీ ఒక్కో ముక్కా కూడదీసుకుని అనాలి. అమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చుని పిన్ని ఎడమచెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. బాబాయి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

అప్పుడు వచ్చాడు మా ఆయన. చేతిలో పళ్ళబుట్ట, బుట్టలో యాపిల్స్ మీద బంగారు కాగితాలు చుట్టిన చాక్లెట్లు. అవి చూడగానే ఆ బుట్ట తీసి బయటికి విసిరేద్దామనిపించింది. ఆయన గుమ్మంలో కనబడగానే అమ్మ చటుక్కున లేచి, కొంగు భుజం నిండా కప్పుకుని, బాత్‌రూం తలుపు పక్కకి పోయి నిలబడింది. చెల్లెలి చెయ్యి వదిలేసి మరీ పోయింది. ఆయన ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"ధైర్యంగా ఉండాలి చిన్నత్తయ్యగారూ" అన్నాడు. "ఫిజియోథెరపీతో అన్నీ సర్దుకుంటాయి." తర్వాత బాబాయి వైపు తిరిగాడు. "జనం ఏదేదో అంటారండీ, మీరు పట్టించుకోవద్దు. అన్ని శరీరాలూ ఒక్కలాగా ఉండవు. అత్తయ్యగారికి పనిచేసింది, చిన్నత్తయ్యగారికి పడలేదు. అంతే."

బాబాయి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. ఇంటి అల్లుడు, పైగా పరామర్శకి వచ్చాడు, ఏమంటాడు. నేను నోరు తెరిచేలోపు పిన్ని మాట్లాడింది.

"అవును... బాబూ" అంది. ఒక్కో మాటకీ పెదవి పక్కనుంచి ఉమ్మి కారుతోంది. "అక్కది... గట్టి ఒళ్ళు. నాదే... పాడు ఒళ్ళు. మీకు... చెడ్డపేరు... తెచ్చా. ఏమనుకోకండి."

పడిపోయిన మనిషి, పడేసినవాడికి క్షమాపణ చెబుతోంది. ఆయన మాత్రం ఎంతో పెద్దమనసుతో, "అయ్యో, అదేంటి చిన్నత్తయ్యగారూ, నేనేమీ అనుకోలేదు" అన్నాడు. దుప్పటి కూడా సర్దాడు.

"బాబూ" అని వినబడింది.

ఎవరు పిలిచారో ఆయనకి ముందు అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ తలుపు పక్కనుంచి వచ్చి మంచం కాళ్ళవైపు నిలబడింది. ఇనుప కమ్మీ పట్టుకుంది.

"నేను మాత్ర మానలేదు బాబూ. ఒక్కరోజు కూడా మానలేదు."

"అత్తయ్యగారూ, మీరు కంగారులో ఉన్నారు. కూర్చోండి."

"కంగారేం లేదు. మీరు మిషను తెచ్చిన పూట రెండు వేసుకున్నా. తక్కువ చూపించాలని వేసుకున్నా. మీరిచ్చిన చాక్లెట్లు నేను తిన్లేదు, చేదు నాకు పడదు. కూలీలోళ్ళ పిల్లలకి పెట్టా. వాళ్ళు కూడా ఊశారు." అమ్మ ఊపిరి పీల్చుకుంది. "అది తీసెయ్యండి. అందరూ చూస్తన్నారు. తీసెయ్యండి."

ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. ఆ మొహం చిన్నబోకూడదనే కదా మా అమ్మ ఇన్నాళ్ళూ ఇన్ని పాట్లు పడింది. చివరికి అది చిన్నబోనే పోయింది. నేను కళ్ళారా చూశాను. నాకు కాస్త కూడా జాలి కలగలేదు.

"ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యగారూ" అన్నాడు, అన్యాయం జరిగింది తనకే అన్నట్టు.

"ఫోన్ తియ్యి" అన్నాను.

తీశాడు. నేను పక్కన నిలబడి చూస్తుండగా ఆ వీడియో తీసేశాడు. దాని స్థానంలో జరిగింది జరిగినట్టు చెబుతూ ఇంకో వీడియో పెట్టాలని, మాత్రలు ఆపినవాళ్ళు మళ్ళీ వేసుకోవాలని అందులో నీ నోటితో నువ్వే చెప్పాలని అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. పళ్ళబుట్ట తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. ఆ రెండో వీడియో పెట్టకపోతే ఊరుకోనని వరండాలోనే అరిచి చెప్పాను. నర్సు వచ్చి నన్ను కోప్పడింది.

లోపలికి వచ్చేసరికి అమ్మ తిరిగి కుర్చీలో కూర్చుని, పిన్ని ఎడమచెయ్యి పట్టుకుని ఉంది. అమ్మ మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త తేట కనబడింది. నాక్కూడా గుండె బరువు దిగినట్టే ఉంది. ఎంత కోపం ఉన్నా ఆ క్షణాన అమ్మని చూస్తే గర్వంగా అనిపించింది. పిన్ని మాత్రం అమ్మ వంక రెప్ప వాల్చకుండా చూస్తోంది.

"అక్కా" అంది.

"ఏంటమ్మా కనకం."

"నేను... అడిగాగా."

అమ్మ తల దించుకుంది.

"మాత్ర... ఆపేముందు... ఫోన్ చేసి... అడిగా. నిజంగా... మానేశావా అక్కా... అని." పిన్ని ఆగి, ఊపిరి కూడదీసుకుంది. "మానేశా... కనకం... నువ్వు కూడా... మానెయ్యొచ్చు... అన్నావు."

ఈ సంగతి నాకు తెలియదు. కంకిపాడులో అమ్మ నాతో అన్నీ చెప్పింది, ఇది చెప్పలేదు. బాబాయి కిటికీ దగ్గరనుంచి ఇటు తిరిగాడు.

"ఎందుకే... అట్టా... చెప్పావు?" అంది పిన్ని.

అమ్మ దగ్గర ఉన్న జవాబు ఒక్కటే.

"అప్పుడు అల్లుడుగారు హాల్లో అన్నం తింటన్నారే" అంది. "వినపడుద్దని."

పిన్ని తన చెయ్యి మెల్లగా లాక్కుని దుప్పటి కింద పెట్టుకుంది.